ఎక్స్‌పెరిమెంటల్ అని బోర్డు పెట్టి తలుపు తీసి పెడితే ఎలాగండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీద, అరపేజీ వ్యాసం వేశారు కదండీ, దాన్ని మా మామయ్య గారు ఇడ్లీ తింటూ పైకి చదివి "ఏమ్మా, నువ్వు రాత్రుళ్ళు లేచి చేసేది ఇదేనా" అని అడిగారు. ఇదేనండీ అన్నాను. డేటా పైప్‌లైన్ల గురించి, ఎయిర్‌ఫ్లో గురించి తెలుగు పేపర్లో చూడటం నాకిదే మొదటిసారి, నిజంగానే సంతోషమేసింది. కానీ ఒక్క మాట దగ్గర మాత్రం ముద్ద దిగలేదు. ఇంకా ప్రయోగ దశలో ఉన్న ఫీచర్లు కూడా ఓపెన్ సోర్స్‌లో వెంటనే అందరి చేతికీ వచ్చేస్తాయి, అదే దాని బలం అన్నట్టు రాశారు. అది సగమే నిజం. మిగతా సగం నేను పడ్డాను కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, కత్తిరించాల్సొస్తే నా సోది కత్తిరించండి, నంబర్లు మాత్రం ఉంచండి.

మామయ్య గారు ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. నా ఉద్యోగం ఏంటో ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, చివరికి బస్టాండ్ లెక్కలోకి దింపితే గానీ కుదర్లేదు. ఒక షాపుల కంపెనీ ఉందనుకోండి, రాత్రి పన్నెండు దాటాక అన్ని ఊళ్ళ షాపుల బిల్లులూ ఫైళ్ళుగా వచ్చి పడతాయి, వాటిని శుభ్రం చెయ్యాలి, రెండుసార్లు పడిన బిల్లులు తీసెయ్యాలి, అన్నీ ఒకచోట కలపాలి, పొద్దున ఏడింటికల్లా మేనేజర్ ఫోన్లో నిన్నటి అమ్మకాలు కనపడాలి. ఒకటి అయ్యాకే ఇంకోటి కదలాలి, మధ్యలో ఏదైనా పడిపోతే మళ్ళీ ప్రయత్నించాలి, అప్పటికీ కాకపోతే నన్ను లేపాలి. ఈ వరస పనులనే డేటా పైప్‌లైన్ అంటారు, ఇదంతా చూసుకునే సాఫ్ట్‌వేర్ పేరు ఎయిర్‌ఫ్లో. అది బస్సు నడపదు, కంట్రోలర్ లాగా కూర్చుని ఏ బండి ఎప్పుడు, దేని తర్వాత కదలాలో చెప్తుంది, అంతే.

ఈ ఎయిర్‌ఫ్లో 1.10 వెర్షన్ నడిచే రోజుల్లో బయట నుంచి ఇంకో ప్రోగ్రామ్ దానితో మాట్లాడాలంటే, అంటే ఫలానా పైప్‌లైన్ మొదలుపెట్టు అని చెప్పాలంటే, ఒక ఏపీఐ ఉండేది. దాని అడ్రసులోనే ఎక్స్‌పెరిమెంటల్, అంటే ప్రయోగ దశ, అన్న మాట ఉండేది, స్లాష్ ఏపీఐ స్లాష్ ఎక్స్‌పెరిమెంటల్ అని. దాచిందేం లేదు, పేరులోనే చెప్పేశారు. కాకపోతే దానికి బదులుగా ఇంకో మంచి దారి లేదు, ఉన్నదల్లా అదొక్కటే, కాబట్టి అందరూ దాన్నే వాడారు, ఏళ్ళ తరబడి వాడారు, దాని చుట్టూ స్క్రిప్టులు రాసుకుని ప్రొడక్షన్‌లో, అంటే రోజువారీ అసలు పనిలో, పెట్టేసుకున్నారు. మా వీధి చివర టిఫిన్ సెంటర్ మీద నూతనంగా ప్రారంభించబడినది అన్న ఫ్లెక్సీ ఆరేళ్ళ నుంచి వేలాడుతోంది, రంగు కూడా పోయింది, దాన్ని ఇప్పుడెవరైనా చదువుతారా? ఈ మాట కూడా అంతే అయింది.

సరే, పేరు సంగతి అలా ఉంచండి. ఆ ఏపీఐకి డిఫాల్ట్, అంటే మనం ముట్టుకోకముందు మొదట్లో ఇచ్చిన సెట్టింగ్, ఏంటో తెలుసా అండీ, అడిగినవాడెవడైనా సరే, లాగిన్ లేదు పాస్‌వర్డ్ లేదు, ఏం అడిగితే అది చేసెయ్యడం. ఎయిర్‌ఫ్లో డాట్ సీఎఫ్‌జీ అని సెట్టింగులు రాసుండే ఒక కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది, అందులో ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఆథ్ బ్యాకెండ్ అన్న లైను చివర డిఫాల్ట్ అని రాసుండేది, చదివితే ఏదో మామూలు భద్రత ఉందేమో అనిపించేది. ఆ డిఫాల్ట్‌కి అర్థం అందరికీ సరే అనడం. దీనికి తోడు కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం కొన్ని ఎగ్జాంపుల్ పైప్‌లైన్లు కూడా ఇన్‌స్టాల్‌తో పాటే వచ్చేస్తాయి, వద్దని మనం చెప్తేనే రావు. వాటిల్లో ఒకదాంట్లో అప్పట్లో లోపం ఉండేది, బయట నుంచి పంపిన మాటని అది నేరుగా సర్వర్ కమాండ్‌గా నడిపేసేది. ఇప్పుడు రెండూ కలపండి. వీధి తలుపు తీసి ఉంది, బీరువా తాళంచెవి గుమ్మానికే వేలాడుతోంది.

2020 నవంబర్లో ఒక శనివారం మాకు ఇది తగిలింది. అప్పుడు నేను చేసే కంపెనీ పేరు వద్దు లెండి, అందరూ మంచివాళ్ళే, తప్పులో నా వాటా కూడా ఉంది. అందరం ఇళ్ళ నుంచే పని చేస్తున్న రోజులు. నేను పప్పుకి తాలింపు వేస్తున్నా, ఫోన్ మోగింది, సర్వర్ సీపీయూ నూటికి నూరు ఉంది చూడు అని. లాప్‌టాప్ తీసుకొచ్చి పొయ్యి పక్కన గట్టు మీదే పెట్టుకుని చూస్తే మా పైప్‌లైన్లు ఏవీ ఆ టైంలో నడవట్లేదు. కానీ ఎగ్జాంపుల్ పైప్‌లైన్ ఒకటి, మేమెప్పుడూ ముట్టుకోనిది, ఆ పొద్దున్నుంచి నాలుగైదుసార్లు నడిచింది. రన్ పేరు చూస్తే మాన్యువల్ అని మొదలవుతోంది, అంటే ఎవరో చేత్తో నొక్కినట్టే కదా అనుకున్నాం. గ్రూపులో అడిగా, ఎవరండీ నొక్కింది అని. నేను కాదంటే నేను కాదు. కొత్తగా చేరిన కుర్రాడొకడిని అందరం కాసేపు అనుమానించాం పాపం, వాడు స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాడు అక్కా నేను నిద్రపోతున్నా అని. ఏపీఐ నుంచి వచ్చిన రన్‌కి కూడా పేరు ముందు మాన్యువల్ అనే పడుతుందని మాకు గుర్తొచ్చేసరికి గంటన్నర అయింది, తాలింపు మాడింది.

లోపలికెళ్ళి చూస్తే మనది కాని ప్రోగ్రామ్ ఒకటి సీపీయూ నాలుగు కోర్లనీ తినేస్తోంది, చంపితే నిమిషంలో మళ్ళీ లేస్తోంది. ఎవరో మా సర్వర్ మీద క్రిప్టో మైనింగ్, అంటే డిజిటల్ నాణేలు సంపాదించే లెక్కలు, పెట్టుకున్నారు. మాకు లాగిన్ పేజీ లేదా అంటే ఉంది! బ్రౌజర్లో తెరిస్తే యూజర్ నేమ్ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది చూసే తాళం వేసుందని ధైర్యంగా ఉన్నాం. ఆ తాళం తెర వరకే, ఏపీఐది వేరే తలుపు. పైగా ఎవరికో ఒకరోజు చూపించాలని 8080 పోర్టు, అంటే సర్వర్‌లోకి వచ్చే దారి, బయటికి తెరిచి మూయడం మర్చిపోయింది నేనే. ఒప్పుకుంటున్నా.

ఇంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ తర్వాతి వారం. సర్వర్ మొత్తం పడేసి కొత్తది కట్టాం, అప్పటిదాకా 1.10.9 వాడుతున్నాం, 1.10.12కి మారాం. ఎందుకంటే 2020 జూలైలో వచ్చిన 1.10.11 నుంచి ఈ ఏపీఐ మొదట్లోనే మూసి వస్తుంది, అడిగినవాళ్ళందరికీ కాదనడమే కొత్త డిఫాల్ట్, ఆ ఎగ్జాంపుల్‌లో లోపం కూడా సరిచేశారు. హమ్మయ్య అనుకున్నాం. వారం తర్వాత ఊరికే, ఎందుకో మనసులో పీకుతుంటే, ఇంటి నుంచి ఆ ఏపీఐని అడుగుతూ ఒక కర్ల్ కమాండ్ కొట్టి చూశా. ఏపీఐ నవ్వుతూ జవాబిచ్చింది! మా పైప్‌లైన్ల సంగతి అంతా చెప్పేసింది. కారణం ఏంటంటే కొత్త డిఫాల్ట్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ళకే. మేమేమో పాత కాన్ఫిగ్ ఫైల్ని జాగ్రత్తగా బ్యాకప్ తీసి, జాగ్రత్తగా కొత్త సర్వర్లో పెట్టుకున్నాం, అందులో ఆ పాత లైను అలాగే ఉంది. పాతవాళ్ళు చేత్తో మార్చుకోవాలని కొత్త వెర్షన్‌తో వచ్చే రిలీజ్ నోట్స్‌లో రాశారు, అబద్ధం ఎందుకు, రాశారు. చదివామా?

బయటపడిన భద్రతా లోపాలకి సీవీఈ అని ఒక నంబర్ ఇస్తారు, ఈ తెరిచి ఉన్న ఏపీఐకి సీవీఈ-2020-13927 అని నంబర్ ఉంది, ఆ ఎగ్జాంపుల్ లోపానికి సీవీఈ-2020-11978. మా ఒక్కళ్ళ అజాగ్రత్త అనుకునేరు, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సీసా, నిజంగా దాడులు జరుగుతున్న లోపాల పట్టీ ఒకటి పెడుతుంది, అందులోకి 2022 జనవరిలో ఈ రెండూ ఎక్కాయి. సరిచేసిన వెర్షన్ వచ్చి ఏడాదిన్నర అయ్యాక కూడా అన్నమాట. ఎక్స్‌పెరిమెంటల్ అన్న మాట అంతకాలం ఎవర్నీ కాపాడలేదు.

నేను చెప్పేది ఇదే ఎడిటర్ గారూ, ప్రయోగం అన్న సంగతి డాక్యుమెంట్లో ఉంటే చాలదు, డిఫాల్ట్‌లో ఉండాలి. మూసి రావాలి. కావాలన్నవాడు తన చేత్తో తెరుచుకోవాలి, తెరుచుకున్న రోజు ఎవరు తెరిచారో ఆ టీముకి గుర్తుంటుంది. తెరిచే వచ్చింది అంటే అది ప్రయోగం కాదండీ, అది రిలీజ్. ఏం పేరు పెట్టినా రిలీజే.

నా ఉత్తరం చదివినవాళ్ళు అమ్మో ఓపెన్ సోర్స్ ఇంతేనా అనుకుంటారేమో, అలా కాదు, అదే ఎయిర్‌ఫ్లో వాళ్ళు తర్వాత ఇంకో ప్రయోగం చాలా పద్ధతిగా చేశారు, అది కూడా చెప్తేనే న్యాయం. ఇక్కడ మళ్ళీ మామయ్య గారి బస్టాండే గతి.

పైప్‌లైన్లలో సెన్సర్ అని ఒక రకం పని ఉంటుంది. ఫైల్ వచ్చిందా, వచ్చిందా అని చూస్తూ కూర్చోవడమే దాని డ్యూటీ, మనమేం చెప్పకపోతే నిమిషానికోసారి చూస్తుంది. చూడటం సెకను పని, కానీ ఆ సెకను కోసం రోజంతా ఒక వర్కర్ స్లాట్, అంటే ఒక పని నడవడానికి ఉండే చోటు, ఆక్రమించుకుని కూర్చుంటుంది. అంటే విజయవాడ బండి వచ్చి ప్యాసింజర్లని దించితే గానీ కదలని కనెక్షన్ బస్సు ఒకటి, ప్లాట్‌ఫారం మీద డ్రైవర్‌తో సహా ఆగి ఉంది. ఒకటైతే పర్లేదు. ఇరవై ప్లాట్‌ఫారాల్లో ఇరవై ఇలాంటివే ఆగితే, ప్యాసింజర్లు రెడీగా ఉన్న బస్సు లోపలికి రావడానికి చోటుండదు. సర్వర్ చూస్తే ఖాళీగా ఉంటుంది, సీపీయూ మూడు శాతం, కానీ ఏ పనీ కదలదు. ఆ రాత్రుళ్ళు నాకు తెలుసు, పిచ్చెక్కుద్ది.

దీనికి ఇళ్ళు, గదులు ఆన్‌లైన్లో అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ వాళ్ళు స్మార్ట్ సెన్సర్ అని ఒకటి కట్టారు. ఒకే రకం కాపలాలన్నీ పోగుచేసి కొద్దిమందికే అప్పజెప్పడం, ఒక మనిషి నోట్‌బుక్ పట్టుకుని వంద బస్సుల తరఫునా కనుక్కుంటూ తిరిగినట్టు. ఊరికే కోడ్ తెచ్చి కలిపెయ్యలేదు, ముందు ఏఐపీ-17 అని ప్రపోజల్ రాసి అందరి ముందూ పెట్టారు. 2020 డిసెంబర్లో 2.0తో పాటు వచ్చింది. ఎలా వచ్చిందో చూడండి. ఇది ఎర్లీ యాక్సెస్, ముందు ముందు మారిపోవచ్చు, పాతదానితో కలవకపోవచ్చు అని రాసి, మొదట్లో ఆపి ఉంచి ఇచ్చారు. కావాలంటే కాన్ఫిగ్‌లో మనమే ట్రూ అని మార్చుకోవాలి. ఈలోపు ఇంకొకళ్ళు వేరే దారి రాశారు, ఏఐపీ-40, డిఫరబుల్ ఆపరేటర్లు అంటారు, 2021 అక్టోబర్లో 2.2లో వచ్చాయి. డ్రైవర్ బస్సుని షెడ్‌లో పెట్టి, కంట్రోలర్ దగ్గర పేరు రాయించి, రెస్ట్ రూంలో పడుకుంటాడు, విజయవాడ బండి రాగానే మైకులో పిలుస్తారు. ఆ మైకు మనిషి పేరు ట్రిగ్గరర్, ఒక్క ప్రాసెస్, మామూలు సెట్టింగ్‌లోనే వెయ్యి కాపలాలు చూసుకోగలదు. ఇది మామయ్య గారికి చెప్తే "మరి మొదట్నుంచీ అలా ఎందుకు చెయ్యలేదమ్మా" అన్నారు. ఇదంతా రాసిన పైథాన్ భాషలో అసింక్‌ఐఓ, అంటే ఒక్క ప్రోగ్రామే చాలా పనుల కోసం ఎదురుచూసే పద్ధతి, కుదుటపడాలి కదండీ అన్నా, ఆయన చట్నీ అడిగారు.

ఈ రెండోది అన్ని రకాల పనులకీ పనికొస్తుంది, మొదటిది కొన్నిటికే. కాబట్టి స్మార్ట్ సెన్సర్ని 2.2.4 నుంచి ఇక వాడొద్దని చెప్పి, 2022 సెప్టెంబర్లో వచ్చిన 2.4లో పూర్తిగా తీసేశారు. రెండేళ్ళు కూడా నిండలేదు. పెద్ద కంపెనీ తెచ్చిచ్చింది కదా, వాళ్ళ దగ్గర బాగానే నడుస్తోంది కదా అని మొహమాటపడలేదు. దాన్ని తెరుచుకుని వాడిన మా పక్క టీము వాళ్ళకి ఓ రెండు వారాలు పని పెరిగింది, తిట్టుకున్నారు, కానీ మోసపోయాం అని మాత్రం అనలేదు, తెరిచింది వాళ్ళే కదా. నాకైతే సాఫ్ట్‌వేర్‌లో అంతకన్నా మర్యాదైన పని కనపడలేదు. ఆ 2.0లోనే పాత ఏపీఐకి బదులు స్థిరమైన కొత్త ఏపీఐ కూడా తెచ్చారు, అడ్రసులో ఎక్స్‌పెరిమెంటల్ తీసి వీ1 అని పెట్టారు, అదీ మూసే వచ్చింది, పాతదాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. మా పాత స్క్రిప్టులు అన్నీ ఆ రోజు పడిపోయాయి, పడిపోవాల్సిందే.

ఇది ఎయిర్‌ఫ్లో ఒక్కదాని గొడవ కాదు. చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములు నడిపించే కుబెర్నెటీస్‌లో ఆల్ఫా, అంటే తొలి దశ, ఫీచర్లు ముందు నుంచీ మూసే వస్తాయి, కానీ దాని తర్వాతి దశ బీటా ఏపీఐలు తెరిచి వచ్చేవి, జనం బీటానే ప్రొడక్షన్ అనుకుని ఇళ్ళు కట్టేసుకున్నారు, చివరికి 2022 మేలో వచ్చిన 1.24 నుంచి కొత్త బీటా ఏపీఐలు కూడా మూసే ఇస్తామన్నారు. పెద్ద డేటా మీద లెక్కలు చేసే స్పార్క్‌లో, డేటా వస్తుండగానే లెక్కలు చేసే స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ అన్న ఫీచర్ 2016లో ఎక్స్‌పెరిమెంటల్‌గా వచ్చింది, ఏడాదికి 2.2లో ఆ బోర్డు తీసేశారు, శుభం. అదే స్పార్క్‌లో కంటిన్యువస్ ప్రాసెసింగ్ అన్న ఇంకో ఫీచర్ 2018లో 2.3తో వచ్చింది, 2023లో 3.5 వచ్చినప్పుడు కూడా డాక్యుమెంట్లో కొత్తది, ఎక్స్‌పెరిమెంటల్ అనే ఉంది. అప్పుడు ఎల్‌కేజీలో చేరిన మా అబ్బాయి ఈలోపు నాలుగో క్లాసుకొచ్చాడు. ఉంచుతారా తీస్తారా చెప్పకుండా వేలాడదీస్తే, వాడేవాడికి దిక్కుతోచదు, కట్టేవాడికి సిగ్గు ఉండదు. కొంచెం గట్టిగా అన్నానేమో, పర్లేదు వెయ్యండి.

కట్టేవాళ్ళ బాధ నాకు తెలియక కాదు. జనం చేతిలో పెట్టకుండా తప్పులు బయటపడవు, మూసి ఇస్తే ఎవడూ తెరవడు, ఎవడూ తెరవకపోతే అది ఎప్పటికీ గట్టిపడదు, ఇది వాళ్ళ వాదన, నిజమే. ఎయిర్‌ఫ్లో వాళ్ళు రిలీజ్‌కి ముందు క్యాండిడేట్ అని ఒక వెర్షన్ బయటపెట్టి కనీసం 72 గంటలు ఉంచుతారు, మీమీ పనుల మీద పరీక్షించి చెప్పండి అని అడుగుతారు, ఎయిర్‌ఫ్లో ఇప్పుడున్న అపాచీ సంస్థ పద్ధతిలో కనీసం ముగ్గురు బాధ్యులు ప్లస్ వన్, అంటే సరే, అంటే గానీ రిలీజ్ కాదు. ఆ మూడు రోజుల్లో పరీక్షించేవాళ్ళు ఎంతమందండీ? హైదరాబాద్‌లో ఏ మెట్రో పెట్టెలో రాయి విసిరినా ఒక డేటా ఇంజనీర్‌కి తగులుద్ది, అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల్లో జిరాక్స్ షాపుల్లో ఎయిర్‌ఫ్లో నోట్స్ అమ్ముతారు, నేను కూడా అక్కడే కొనుక్కుని నేర్చుకున్నా. మొన్న ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి అదే బాపతు నోట్స్ తెచ్చింది, తిరగేస్తే అందులో ఇంకా స్లాష్ ఎక్స్‌పెరిమెంటల్ అడ్రసే ఉంది, ఆథ్ బ్యాకెండ్ డిఫాల్ట్ అనే ఉంది, ఏళ్ళ కిందటి జిరాక్స్‌కి జిరాక్స్‌కి జిరాక్స్. తీసేసిన తలుపు ఎలా తెరవాలో నేర్పిస్తున్నాం. ఆ అమ్మాయిని తీసుకున్నాం లెండి, తెలివైంది, ఆ పేజీ చూపిస్తే వెంటనే "ఇందులో పాస్‌వర్డ్ ఎక్కడుంది మేడం" అని అడిగింది. నేను 2019లో అడగలేదు ఆ ప్రశ్న.

ప్రభుత్వ ఆఫీసుల్లో కూడా ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలని మీ వ్యాసం ఆఖర్లో ఉంది, వాడాలి, నేనూ అదే అంటా. కాకపోతే అక్కడ ఒకసారి పెట్టిన కాన్ఫిగ్ ఫైల్ని ఎవరూ ముట్టుకోరు, పెట్టినాయన ట్రాన్స్‌ఫరై పోతాడు. అలాంటి చోట పాత ఫైల్లో పాత లైను అలాగే మిగిలిపోతే ఏమవుతుందో పైన చెప్పా. అందుకే నాకు ఇంకొక్క కోరిక ఉంది, ఇది పేపర్‌కి కాదు, కట్టేవాళ్ళకి, మనవాళ్ళు కూడా అందులో చాలామంది ఉన్నారు కాబట్టి చదువుతారని. డిఫాల్ట్ మార్చినప్పుడు పాత కాన్ఫిగ్‌లో పాత విలువ కనపడితే సర్వర్‌ని లేవనివ్వకండి. రిలీజ్ నోట్స్‌లో ఒక పేరా రాసి చేతులు దులుపుకోవద్దు. లేవకపోతే ఆ పూటకి మేం తిడతాం, తిట్టుకుంటూ ఆ లైను చదువుతాం. మిగతావన్నీ మీ ఇష్టం, ఎన్ని ప్రయోగాలైనా చెయ్యండి.

ఇంకో చిన్న సవరణ, వేస్తారో లేదో మీ ఇష్టం. ఎయిర్‌ఫ్లోని అపాచీ వాళ్ళు తయారు చేశారని రాశారు. అది 2014 అక్టోబర్లో ఎయిర్‌బీఎన్‌బీలో మొదలైంది, మొదలుపెట్టినాయన మాక్సిమ్ బోషమాన్. అపాచీ ఇంక్యుబేటర్లోకి వచ్చింది 2016 మార్చిలో, పూర్తి స్థాయి అపాచీ ప్రాజెక్టు అయింది 2019 జనవరిలో. మామయ్య గారు మీ వ్యాసం కట్ చేసి ఆయన పాత డ్యూటీ డైరీలో అంటించుకున్నారు, కోడలి ఉద్యోగం పేపర్లో పడింది అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నారు, సవరణ గనక వేస్తే ఎదురు పేజీ ఖాళీగా ఉంచానని చెప్పమన్నారు.

ఇట్లు,
ఒక డేటా ఇంజనీర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్